మూలన పడిన గిటార్‌ది తప్పు కాదు

మీ గదిలో ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉందనుకుందాం. సెకండియర్‌లోనో థర్డియర్‌లోనో ఇంట్లో బతిమాలి కొనుక్కున్నది. దాంతోపాటు కాలితో నొక్కే చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ కూడా ఒకటి. డిస్టార్షన్, కోరస్, డిలే, రివర్బ్... అందులో లేనిది లేదు. షాపులో వాయించి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. గదికి తెచ్చి చేతికందిన స్పీకర్‌కి తగిలిస్తే మాత్రం కందిరీగల గూటిని కర్రతో కదిపినట్టు ఒకటే రొద. రెండు నెలలు తంటాలు పడ్డారు. ఇంతలో ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలైంది. గిటార్ మంచం కిందికి చేరింది. ‘మనకా చెయ్యి లేదులే’ అని మీకు మీరే తీర్పు చెప్పేసుకున్నారు.

ఆ తీర్పు మీద అప్పీలు వేయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బహుశా మీ చెయ్యి బాగానే ఉంది. స్పీకరే మీకు సరిపడింది కాదు.

నాదీ ఇదే కథ. బీటెక్ అయ్యాక ఎనిమిది నెలలు ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కున్నాను. పొద్దున అమీర్‌పేటలో కోర్సు, మధ్యాహ్నం అప్లికేషన్లు, రాత్రి ఆప్టిట్యూడ్. ‘ఈసారికి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం’ అనే మెయిళ్లు మధ్యమధ్యలో. రోజులో ఎవరూ మార్కులు వెయ్యని గంట ఒక్కటి కావాలనిపించి, ఊరి నుంచి గిటార్ తెప్పించుకున్నాను. కోర్సు ఫీజు పోగా మిగిలిన ఏడు వేలు పెట్టి ఒక పార్టీ స్పీకర్ కొన్నాను. రంగురంగుల లైట్లు, లాక్కెళ్లడానికి చక్రాలు, ముందు భాగంలో ‘2000 వాట్స్’ అని మెరిసే స్టిక్కరు. ‘గిటార్ గూడ పెట్టుకోవచ్చు తమ్మీ, మస్తుంటది’ అన్నాడు షాపాయన. పెట్టుకోవచ్చు, నిజమే. వినడమే కష్టం. మూడు నెలల తర్వాత దాన్ని మూడు వేలకి అమ్మేశాను. నాలుగు వేలు పోయాయి. ఆ నాలుగు వేలు నాన్నవి. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

పక్క గదిలో ఉండే సీనియర్ ఒకాయన ఓ రాత్రి తన పాత వైరు హెడ్‌ఫోన్స్ తెచ్చి ఇచ్చాడు. ‘పెడల్‌కే పెట్టి విను తమ్ముడూ’ అన్నాడు. పెట్టాను. షాపులో విన్న గిటార్ అదే! తీగ మీంచి వేలు జారిన చప్పుడు కూడా వినపడుతోంది. మూడు నెలలుగా నేను తిట్టుకున్న వేళ్లు నిక్షేపంలా ఉన్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మీ డబ్బు మిగులుతుంది. అసలు గిటార్ ఆంప్లిఫయర్‌లో ఉండే స్పీకర్ మామూలు స్పీకర్ కాదు. పాటలు వినే స్పీకర్ 20 వేల హెర్ట్జ్ దాకా పలకడానికి ప్రయత్నిస్తుంది. గిటార్ స్పీకర్ సుమారు 5 వేలు దాటగానే చేతులెత్తేస్తుంది. పాటల స్పీకర్‌కైతే అది లోపం. గిటార్‌కి అదే వరం. డిస్టార్షన్ వేసినప్పుడు పుట్టే గీరుడు శబ్దమంతా ఆ పై భాగంలోనే ఉంటుంది, దాన్ని గిటార్ స్పీకర్ జల్లెడ పట్టేస్తుంది. మీరు అదే డిస్టార్షన్‌ని తిన్నగా హోమ్ థియేటర్‌కి పంపితే జల్లెడ లేదు, పొట్టుతో సహా చెవిలో పడుతుంది. కందిరీగలు వచ్చేది అక్కడి నుంచే.

ఇప్పటి మల్టీ ఎఫెక్ట్స్ పెడళ్లలో ఆ జల్లెడ కూడా సాఫ్ట్‌వేర్ రూపంలో ఉంటుంది. మెనూలో ‘క్యాబ్’ అనో ‘క్యాబినెట్ సిమ్యులేషన్’ అనో ‘ఐఆర్’ అనో రాసి ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌కీ మామూలు స్పీకర్లకీ అది ఆన్‌లో ఉండాలి. గిటార్ ఆంప్‌కి కలిపితే ఆఫ్ చెయ్యాలి. ఈ ఒక్క బటన్ తెలియక గిటార్ అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. మీరూ కొత్త స్పీకర్ కోసం బయల్దేరే ముందు ఒకసారి ఆ మెనూ తెరిచి చూడండి. పైసా ఖర్చు లేకుండా పని అయిపోవచ్చు.

అంటే మీ పెడల్ ఇప్పటికే ఆంప్‌ని, దాని స్పీకర్‌ని అనుకరిస్తోంది. ఇక దాని తర్వాత వచ్చే స్పీకర్‌కి ఉండాల్సిన గుణం ఒక్కటే: సొంత కవిత్వం చెప్పకపోవడం. వచ్చింది వచ్చినట్టు పలకాలి. పార్టీ స్పీకర్ సరిగ్గా ఇక్కడే ఫెయిలవుతుంది. పెళ్లి బరాత్‌లో గుండె అదరాలని దాన్ని బేస్ పెంచి తయారుచేస్తారు. అది దాని ఉద్యోగం, తప్పుపట్టలేం. కానీ ఆ బేస్‌లో మీ గిటార్ మునిగిపోతుంది.

బ్లూటూత్ సంగతి ఇంకో రకం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం స్పీకర్‌కి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. సెకనులో అయిదో వంతే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 200 మిల్లీసెకన్లలో 68 మీటర్లు. అంటే మీరు క్రికెట్ గ్రౌండ్‌లో పిచ్ మధ్య నిలబడి వాయిస్తుంటే స్పీకర్ బౌండరీ దగ్గర ఉన్నట్టు! సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆపి చూపిస్తుంది. మీ వేలిని ఎవరు ఆపుతారు? తాళం తప్పుతోందని మీరు మెట్రోనోమ్ పెట్టుకుని మరీ ఏడుస్తారు. తప్పుతున్నది తాళం కాదు. కాబట్టి గిటార్‌కి వైరు ఉన్న స్పీకరే, వైరు ఉన్న హెడ్‌ఫోన్సే. ఇందులో బేరాల్లేవు.

ఇక వాట్లు. మన షాపుల్లో స్టిక్కర్ మీద కనిపించే వేల వాట్లు చాలావరకు ‘పీఎంపీఓ’ లెక్క. ఏదో ఒక్క క్షణంలో రావచ్చని కంపెనీ ఊహించుకున్న అంకె. దాన్ని పట్టించుకోకండి, ‘ఆర్ఎంఎస్’ ఎంతో అడగండి. అదీ ఇంట్లో ఎక్కువ అక్కర్లేదు. స్పీకర్ సెన్సిటివిటీ 85 డెసిబెల్స్ అని ఉందనుకోండి, ఒకే ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 85 డెసిబెల్స్ వస్తాయన్నమాట. మన శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్సే పరిమితి. ఒక్క వాట్ దగ్గరే పక్కింటి ఆంటీ గేటు దగ్గర ఉంటుంది. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 20, 25 వాట్లు ఉన్న స్పీకర్‌ని వదిలేసి 50 వాట్ల దాని కోసం అదనంగా అయిదు వేలు పెట్టడం, టూ బీహెచ్‌కే ఇంటికి లారీ కొనుక్కోవడం లాంటిది.

‘గిటార్ అంటే ఆంప్ ఉండాల్సిందే’ అనే అన్నయ్యలు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్లని నేను కాదనను. కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ పక్కన నిలబడాలంటే ఆంప్ కావాలి. గదిలో ఎఫెక్ట్స్‌తో వాయించడానికి మాత్రం చవక ఆంప్ నా దృష్టిలో తప్పు కొనుగోలే. మొదటిసారి కొనేవాళ్ల చేతికి వచ్చే పది వాట్ల ఆంప్‌లో ఆరు అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉంటుంది, దానికి సొంత రంగు ఉంటుంది. మీ పెడల్‌లోని ఆంప్ మీద ఈ ఆంప్ కూడా చేరితే, పులిహోర కలిపాక మళ్లీ చింతపండు పులుసు పోసినట్టే. ఇప్పటికే ఆంప్ కొనేసి ఉంటే బాధపడకండి, క్లీన్ చానల్‌లో పెట్టి, పెడల్‌లో క్యాబ్ ఆపేసి వాడుకోండి. బాగానే ఉంటుంది.

అసలు నష్టం ఇంకొకటుంది. ఆ ఆంప్‌కి స్పీకర్ ఒక్కటే. ఎఫెక్ట్స్‌లో సగం అందం రెండు చెవుల మధ్య జరుగుతుంది. పింగ్‌పాంగ్ డిలే వేసి ఒక్క స్వరం మీటితే అది ఎడమకి వెళ్లి, కుడికి వచ్చి, మళ్లీ ఎడమకి వెళ్లి సన్నగా ఆగిపోవాలి. స్టీరియో కోరస్‌లో ఒక కార్డ్ వాయిస్తే గది వెడల్పు పెరిగినట్టుండాలి. ఒక్క స్పీకర్‌లో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. ఎఫెక్ట్స్ కోసమే డబ్బు పెట్టినవాళ్లు వాటిని సగమే వింటున్నారంటే నాకు మనసొప్పదు.

అందుకే నా ఓటు చిన్న స్టూడియో మానిటర్ల జతకి. మూడున్నర, నాలుగు అంగుళాల సైజువి చాలు. ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. ఇంత చిన్నవాటిలో బేస్ ఏం వస్తుందని సందేహం వస్తుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ, ఆరోది, మామూలు ట్యూనింగ్‌లో పలికేది 82 హెర్ట్జ్. ప్రీసోనస్ ఈరిస్ ఈ3.5 లాంటి మూడున్నర అంగుళాల జత 80 హెర్ట్జ్ నుంచి పలుకుతుందని కంపెనీ చెబుతుంది. మీ గిటార్ ఎక్కడ మొదలవుతుందో స్పీకర్ కూడా దాదాపు అక్కడే మొదలవుతోంది. సబ్ ఊఫర్ ఖర్చు మిగిలిపోయింది. ఎడిఫయర్ ఆర్1280టీ లాంటి నాలుగు అంగుళాల బుక్‌షెల్ఫ్ జత కూడా ఈ పనికి సరిపోతుంది. మొత్తం 42 వాట్లు, పక్కనే బేస్, ట్రెబుల్ తిప్పుకునే నాబ్‌లు. అయితే ఆ నాబ్‌లని మధ్యలో ఉంచి మర్చిపోండి. శబ్దం మార్చాలంటే పెడల్‌లో మార్చండి, స్పీకర్‌లో కాదు. ఇవే కొనాలని కాదు, ఈ తరహావి కొనండి. ధరలు నెల నెలా మారతాయి కాబట్టి అంకెలు రాయడం లేదు. కొత్తవైతే ఒక మామూలు ఫోన్ కంటే తక్కువలోనే వస్తాయి.

సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట తిరిగితే బేరం దొరకొచ్చు. కాకపోతే నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తోందా, కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు చిట్లిందా, రెండు స్పీకర్లూ ఒకేలా పలుకుతున్నాయా చూసుకోండి. మొదటిది ఉంటే బేరం ఆడొచ్చు. మిగతా రెండిట్లో ఏది ఉన్నా లేచి వచ్చేయండి.

షాపులో మనల్ని పడేసే మాయ ఒకటుంది. రెండు స్పీకర్లు పక్కపక్కన పెట్టి వినిపిస్తే, కాస్త గట్టిగా మోగేదే మనకి మంచిదనిపిస్తుంది. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తగ్గి వినపడతాయి. 1933లోనే బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్‌సన్ ఈ విషయాన్ని కొలిచి చూపించారు. అమ్మేవాడు వాల్యూమ్ పెంచుతాడు, మీ జేబు తెరుచుకుంటుంది. కాబట్టి ‘అన్నా, కొంచెం తగ్గించు’ అని మొహమాటం లేకుండా అడగండి. రాత్రి తొమ్మిదికి మీ గదిలో ఎంత పెడతారో అంతే పెట్టించుకుని వినండి. ముందు ఎఫెక్ట్స్ ఏవీ లేకుండా ఆరో తీగ ఒక్కటే మీటండి. ఒక్కొక్క ఫ్రెట్ పైకి వెళ్తుంటే ఏదో ఒక్క స్వరం మాత్రం డబ్బాలో మోగినట్టు ఉబ్బిపోతే ఆ స్పీకర్ వద్దు. తర్వాత డిస్టార్షన్ వేసి ఒకే కార్డ్ పట్టండి, అందులో స్వరాలు విడివిడిగా వినపడాలి. చివరగా తీగలన్నీ అరచేత్తో మూసి, పెడల్ వాల్యూమ్ సున్నా చేసి, స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. కాస్త ‘స్స్’ మామూలే. గుయ్‌మంటే మాత్రం కారణం అడగాలి.

ఆ గుయ్‌మనడం ఇంటికొచ్చాక మొదలైతే స్పీకర్‌ని అనుమానించే ముందు గోడ ప్లగ్‌ని అనుమానించండి. మన హాస్టళ్లలో మూడో రంధ్రానికి ఎర్త్ వైరు ఉందో లేదో ఆ భగవంతుడికే ఎరుక. వేరే గదిలో పెట్టి చూడండి, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. రొద పోతుందని మూడో పిన్ను పీకేసే తెలివితేటలు మాత్రం వద్దు. మీ చేతిలో ఉన్నవి లోహపు తీగలు.

వైర్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది, నేనూ పడ్డాను. పెడల్‌కి ఉన్న ఒకే స్టీరియో ఔట్‌పుట్‌ని, మామూలు స్టీరియో వైరుతో తిన్నగా ఒక మానిటర్ వెనకున్న బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారనుకోండి. ఆ ఇన్‌పుట్ ఎడమ శబ్దంలోంచి కుడి శబ్దాన్ని తీసేస్తుంది. రెండిట్లో సమానంగా ఉన్నది, అంటే అసలు గిటార్, మాయమైపోతుంది. రివర్బ్ దయ్యంలా మిగులుతుంది. స్పీకర్ పాడైందని వాపసు తీసుకెళ్లకండి. మీకు కావాల్సింది ఒక చివర 6.35 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు. అలాగే పెడల్ లేకుండా గిటార్‌ని తిన్నగా ఈ స్పీకర్లలో పెట్టకండి. గిటార్ పికప్‌కి మెగా ఓమ్ స్థాయి ఇన్‌పుట్ కావాలి, ఈ స్పీకర్లకి అంత ఉండదు. శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది.

ఇంత చెప్పాక ఒక మాట. ఉద్యోగం ఇంకా రాలేదు, హాస్టల్‌లో ఉన్నారు అంటే ఇప్పుడు స్పీకర్లు కొనకండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని ఊరిస్తారు. జీతమే లేనివాడికి ఈఎంఐకి కాస్ట్ లేకపోవడం ఏంటి? మంచి వైరు హెడ్‌ఫోన్స్ ఒకటి కొనుక్కోండి. సగం ఖర్చులో అవుతుంది, స్టీరియో పూర్తిగా వినపడుతుంది, గదిలో ముగ్గురు పడుకుని ఉన్నా ఇబ్బంది లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకీ అదే పనికొస్తుంది. చిన్న పిన్ను నుంచి పెద్ద పిన్నుకి మార్చే కన్వర్టర్ తీసుకునేటప్పుడు స్టీరియోది అడగండి, మోనోది ఇస్తే ఒక్క చెవిలోనే వస్తుంది. స్పీకర్లు మొదటి జీతం దాకా ఆగుతాయి. ఇంట్లో అమ్మానాన్నలతో ఉంటున్నారు, తలుపేసుకునే గది ఉంది, పార్ట్ టైమ్ డబ్బులు ఉన్నాయి అంటే మీ ఇష్టం.

‘ముందు ఉద్యోగం, తర్వాతే ఈ సరదాలు’ అంటారు పెద్దవాళ్లు. ఖర్చు విషయంలో వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. వాయించడం విషయంలో నేను ఒప్పుకోను. బోస్టన్ అనే అమెరికన్ బ్యాండ్‌ని నడిపిన టామ్ షోల్జ్ ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి పోలరాయిడ్ కంపెనీలో పనిచేశాడు. ఉద్యోగం చేస్తూనే ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగులు చేసుకునేవాడు. వాటి నుంచే 1976లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. తర్వాత ఆయనే సొంత కంపెనీ పెట్టి 1982లో ‘రాక్‌మన్’ అనే చిన్న డబ్బా తెచ్చాడు. బ్యాటరీలతో నడిచేది, నడుముకి తగిలించుకుని హెడ్‌ఫోన్స్‌లో వినేది. పెద్ద ఆంప్, స్పీకర్, ఎకో అన్నీ అందులోనే. మీ పెడల్ దాని మనవడు.

ఇంకోటి, ఇది ఈ పేజీ చదివేవాళ్లకి ప్రత్యేకంగా. రెజ్యూమెలో హాబీల దగ్గర ‘గిటార్’ అని రాస్తే ప్రశ్న వస్తుంది. నన్ను ఒక ఇంటర్వ్యూలో ‘ఏ పాటలు వాయిస్తావు బాబూ?’ అని అడిగి నవ్వేశారు. నేను స్పీకర్ కథ చెప్పాను. బ్లూటూత్ ఆలస్యం గురించి చెబుతుంటే ఆయన ముందుకి వంగి, ‘మరి ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌తో వాయిస్తే ఆలస్యం ఎంత?’ అన్నారు. సెకనుకి 48 వేల శాంపిళ్లు, బఫర్ 256 అయితే ఒక్క బఫర్‌కి 5.3 మిల్లీసెకన్లు, లోపలికీ బయటికీ కలిపి ఇంకా ఎక్కువ, బఫర్ తగ్గిస్తే ప్రాసెసర్ మీద భారం అని కాగితం మీద వేసి చూపించాను. ఆ రోజు పది నిమిషాలు పుస్తకంలోది కాని విషయం మాట్లాడాను. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. తర్వాతిది వచ్చింది.

మొదటి జీతంతో సెకండ్ హ్యాండ్ జత కొన్నాను. బల్ల మీద, చెవి ఎత్తులో, గోడకి ఓ జానెడు ముందుకి జరిపి పెట్టుకున్నాను. ఎడమదాని నాబ్ కొంచెం గరగరమంటుంది, అందుకే అయిదు వందలు తగ్గించాడు. రాత్రి పది దాటితే ఇప్పటికీ హెడ్‌ఫోన్సే.

మీరు షాపుకి వెళ్లేది ఆదివారం సాయంత్రం కాకుండా, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. రద్దీ ఉండదు, అరగంట వాయించినా విసుక్కోరు. మీ గిటార్, మీ పెడల్, దాని అడాప్టర్ తీసుకెళ్లండి. ఇందాక చెప్పిన రెండు ఆర్‌సీఏ పిన్నుల వైరు కూడా సంచిలో పడేసుకోండి, షాపులో అది ఉండకపోవచ్చు.